గువ్వల కోనకు దారి

మౌలాలికి ఒక కోరిక పట్టుకుంది. కోరిక అంటే అతను ఒప్పుకోడు. కానీ అది కోరికే.

పాలకొండల కింద, చెనిక్కాయ చేలు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట ఒక తకియా ఉండేది. తకియా అంటే ఫకీరులు ఉండే చోటు. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, ముందు ఊడ్చిన వాకిలి. అందులో మదార్ షా అనే ముసలి ఫకీరు ఉండేవాడు. సాయిబులనీ కాపులనీ తేడా లేకుండా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన తాత.

తాతకి మాట తక్కువ. ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకుంటే చివరిదాకా వినేవాడు. విన్నాక "సరే, అన్నం తిని పో" అనేవాడు. అంతే. వచ్చినవాళ్ళు అన్నం తిని, చేయి కడుక్కుంటూ మౌలాలిని అడిగేవాళ్ళు, "తాత ఏమన్నట్టు అయ్యా?" అని.

మౌలాలి చెప్పేవాడు. చక్కగా, అర్థమయ్యేలా చెప్పేవాడు. మీసాలు రాని వయసులో వచ్చి చేరి, గడ్డం నెరిసేదాకా ఆ వాకిలి ఊడ్చినవాడు. గురువు ఎప్పుడో అన్న ఒక్కో ముక్కా అతనికి నోటికి వచ్చు. విన్నవాళ్ళు తేలికపడి వెళ్ళేవాళ్ళు. రానురాను తాతకి దండం పెట్టి, వచ్చి మౌలాలి దగ్గర కూర్చునేవాళ్ళే ఎక్కువయ్యారు.

అయితే ఎవరైనా "నన్ను శిష్యుడిగా తీసుకో అయ్యా" అంటే మాత్రం అతను తల దించుకోవలసి వచ్చేది. ఆ ఫకీరుల సంప్రదాయంలో గురువు శిష్యుడి చేయి తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ తర్వాత ఆ మనిషి మంచిచెడ్డలు గురువువే. అలా ఇంకొకరి చేయి పట్టుకోవాలంటే తన గురువు అనుమతి ఇవ్వాలి. మదార్ షా ఇంకా ఇవ్వలేదు. అడగడానికి మౌలాలికి నోరు రాలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తకియా వెనక కొండల్లోకి చొచ్చుకుపోయే గువ్వల కోనలో జలపాతం దూకుతోందని కట్టెలకు పోయినవాళ్ళు చెప్పారు. రెండు పక్కలా నిలువెత్తు ఎర్రరాతి గోడలు, మధ్యలో వాగు, చిట్టచివర జలపాతం. వేసవిలో పోతే నల్లరాతి మీద తెల్లటి చార తప్ప అక్కడ ఏమీ కనబడదు. పెద్ద వానల తర్వాత కొన్నాళ్ళే నీళ్ళు. దారి మరీ కష్టం కాదు, మరీ సులువూ కాదు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరి, మాపటికి తిరిగి రావచ్చు.

సుంకులమ్మ అనే ఆవిడ, తకియాకి ఎప్పుడూ వచ్చే మనిషి, ఆ మాట వింటూనే లేచి కూర్చుంది. "మా వాడకట్టు ఆడోళ్ళమంతా వస్తాం మౌలాలయ్యా. చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. నువ్వు ముందు నడిస్తే మాకేం భయం?"

నువ్వు ముందు నడిస్తే. ఆ మాట మౌలాలి చెవిలో తేనెలా పడింది.

సాయంత్రం తాత కాళ్ళు పడుతూ విషయం కదిపాడు. "వాళ్ళను కోనకి తీసుకుపోదామనుకుంటున్నాను తాతా." కొంచెం ఆగి, ఇక ఆగలేక, కడుపులో ఉన్నది కూడా బయటపెట్టేశాడు. "ఎంతోమంది నా చేయి అడుగుతున్నారు. నాకు అనుమతి ఎప్పుడిస్తారు?"

మదార్ షా కళ్ళు మూసుకునే ఉన్నాడు.  నిద్రపోయాడేమో అనుకున్నాడు మౌలాలి.

"ముందు నన్ను తీసుకుపో," అన్నాడు తాత.

"ఎక్కడికి?"

"కోనకి. ఇంట్లోంచి కదిలింది మొదలు తిరిగి వచ్చిందాకా గురువువి నువ్వు. శిష్యుణ్ణి నేను."

మౌలాలి నవ్వాడు. తాత నవ్వలేదు.

* * *

మౌలాలి ఆ ప్రయాణానికి చేసిన ఏర్పాట్లు అన్నీ ఇన్నీ కావు. ముందుగా తనొక్కడే కోనలోకి పోయి దారంతా చూసుకున్నాడు. మలుపు మలుపుకీ రాళ్ళ మీద సున్నపు బొట్లు పెట్టాడు. తాత మోకాళ్ళు ఎక్కడ ఎక్కలేవో చూసి, ఆ చోట్ల చుట్టుదారి వెతికాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ రొట్టె తినాలి, ఎక్కడ నమాజు చేసుకోవాలి, అన్నీ మనసులో రాసుకున్నాడు. వాగు దాటాల్సింది ఒక్కచోటే. జలపాతానికి చివరి మలుపు ముందర, ఒక మడుగు దగ్గర. నీళ్ళు పిక్కల్లోతు. మధ్యలో తేలి ఉన్న బండరాళ్ళ మీద కూడా బొట్లు పెట్టి వచ్చాడు.

జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, చెనిక్కాయల పొడి, ఒక నీళ్ళ సీసా మూట కట్టాడు. మబ్బు లేని రోజు చూసుకున్నాడు. ఇంక లోటు అన్నది లేదు.

ఆ ఉదయం మౌలాలి తకియాలోంచి బయటికి వచ్చాడు.

మదార్ షా గడప దగ్గర వంగి, మౌలాలి చెప్పులు దుమ్ము తుడిచి, కాళ్ళ ముందర పెడుతున్నాడు. రొట్టెల మూట అప్పటికే ఆయన భుజాన ఉంది.

"తాతా! ఏం పని ఇది!" మౌలాలి చెప్పులు లాక్కోబోయాడు.

"బయలుదేరదామా అండీ?" అన్నాడు మదార్ షా. ముఖంలో ఆట లేదు, ఎగతాళి లేదు. "మీరు ముందు నడవండి."

తాత తనని మీరు అన్నాడు.   మౌలాలి వెనక్కి వెనక్కి చూస్తూ నడిచాడు. మూట ఇమ్మని అడిగాడు. "శిష్యుడు మోయాలి కదండీ," అని తాత ఇవ్వలేదు.

మనిషికి ఏదైనా అలవాటవుతుంది. ఎండ ఎక్కేసరికి మౌలాలికి అదీ అలవాటయింది.

కోనలోకి దిగాక మౌలాలి ఏం చెబితే తాత అది చేశాడు. ఇటు పట్టుకోండి అంటే అటే పట్టుకున్నాడు. ఇక్కడ కాలు పెట్టండి అంటే అక్కడే పెట్టాడు. ఒకచోట రాతి కింద నీడలో కూర్చున్నప్పుడు మౌలాలికి మాట్లాడాలనిపించింది. దారి గురించి మొదలుపెట్టి, లోకంలో మనిషి నడిచే దారి గురించి, మార్గం చూపేవాడి గురించి చాలాసేపు చెప్పాడు. మదార్ షా చేతులు కట్టుకుని, తల ఊపుతూ విన్నాడు. తన గురువు తన మాట వింటున్నాడు! చెబుతున్నకొద్దీ మౌలాలికి తన గొంతు తనకే తియ్యగా వినిపించింది.

"కాసిని నీళ్ళు తాగమంటారా?" అని తాత అడిగాడు మధ్యలో.

"కొంచెం ఆగుదాం. ముందు ఆ మలుపు తిరిగాక తాగుదాం. అక్కడే తాగాలని అనుకున్నాను," అన్నాడు మౌలాలి.

తాత పెదవులు తడుపుకుని లేచాడు.

ఆ మలుపు తిరిగాక తాగించడం మౌలాలి మరిచిపోయాడు. సున్నపు బొట్టు ఒకటి కనిపించలేదు. దాన్ని వెతకడంలో పడ్డాడు. బొట్టు దొరికింది గానీ నీళ్ళ మాట గుర్తుకు రాలేదు. తాత కూడా మళ్ళీ అడగలేదు.

పైన కోన గోడల మధ్య ఆకాశం సన్నటి నీలిరంగు పట్టీలా కనబడుతోంది. మబ్బు తునక లేదు. ఎక్కడో చాలా దూరాన, కొండలకు అవతల, బండి వంతెన ఎక్కినట్టు ఒక చప్పుడు వినిపించి ఆగిపోయింది. మరి కాసేపటికి కోన గోడల్లో గూళ్ళు పెట్టుకున్న గువ్వలన్నీ ఒక్కసారిగా లేచాయి. వందల రెక్కలు తపతపలాడుతూ పైకి, ఆ నీలం పట్టీలోకి ఎగిరిపోయాయి.

"చూశారా తాతా, మనకోసమే లేచినట్టున్నాయి!" అన్నాడు మౌలాలి పొంగిపోయి.

మదార్ షా ఆ పక్షులు కనబడనంత దూరం పోయేదాకా చూశాడు. తర్వాత మౌలాలి ముఖం చూశాడు. 

కోన లోపలి నుంచి చల్లటి గాలి ఒకటి ముఖానికి తగిలింది. తడి మట్టి వాసన. జలపాతం దగ్గరపడింది కాబట్టి గాలి చల్లబడింది అనుకున్నాడు మౌలాలి. అతని నడక వేగమైంది.

* * *

మడుగు దగ్గరికి వచ్చారు. బండరాళ్ళ మీద సున్నపు బొట్లు తాను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అవతల ఒకే ఒక మలుపు. ఆ మలుపు వెనక నుంచి జలపాతం హోరు స్పష్టంగా వినబడుతోంది.

మౌలాలి ఆగలేకపోయాడు. ఒక్కో బొట్టు మీదా అడుగేస్తూ ఇవతలి గట్టు నుంచి అవతలికి చకచకా దాటేశాడు. దాటి, మలుపు వైపు తిరిగి, మెడ సాచాడు. రాతి అంచు మీద తుంపర్లు ఎండలో మెరుస్తున్నాయి. ఇంకొక్క ఇరవై అడుగులు వేస్తే మొత్తం కనబడుతుంది. సుంకులమ్మ వాళ్ళు ఇక్కడ నిలబడి నోళ్ళు తెరుచుకుని చూడటం అతనికి అప్పుడే కనిపించింది.

వెనక నుంచి తాత గొంతు వినబడింది.

"అయ్యా, నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆకులు కొట్టుకొస్తున్నాయి. రమ్మంటారా?"

మౌలాలి వెనక్కి తిరగలేదు.

"కొండనీళ్ళు అంతే తాతా. రండి, వచ్చేశాం!"

తాత పంచె పైకి ఎత్తి కట్టాడు. మొదటి బండ మీద కాలు పెట్టాడు. రెండో బండ మీద పెట్టాడు.

మౌలాలి వెనక్కి తిరిగింది కేక విని కాదు. కేక ఏమీ రాలేదు. బరువైనదేదో నీళ్ళలో పడ్డ చప్పుడు వినబడింది. తిరిగి చూసేసరికి బండరాళ్ళ మీద బొట్లు లేవు. బండరాళ్ళే లేవు. ఇటుకరంగు నీళ్ళు నురగలు కక్కుతూ మడుగు నిండా తిరుగుతున్నాయి. ఆ నురగలో ఒక తెల్లటి తలపాగా ఒక్కటే విప్పుకుంటూ పోతోంది.

"తాతా!"

అతని గొంతు అతనికే వినబడలేదు.

ఎటు పరిగెత్తాడో, ఏ రాయి మీద పడ్డాడో తెలియదు. కింది వైపు, తనున్న గట్టు మీంచి నీళ్ళలోకి వాలిన మద్దిచెట్టు వేళ్ళలో ముసలాయన చిక్కుకుని ఉన్నాడు. నీళ్ళు తల మీంచి పోతున్నాయి, ముఖం తేలుతోంది, మునుగుతోంది. మౌలాలి రాతి మీద బోర్లా పడుకుని చేయి చాపాడు. అందలేదు. ఇంకా కిందికి జారాడు. మణికట్టు దొరికింది. ఎండుకట్టె లాంటి చేయి. అల్లా, అల్లా అంటూ లాగాడు. ఆ చేయి తన వేళ్ళలోంచి జారిపోతున్నట్టే ఉంది. రెండో చేత్తో పంచె పట్టుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, ఒక్క గుంజు గుంజాడు.

తాత రాతి మీద పడ్డాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. ఎడమ చేయి మోచేతి కింద వంగకూడని వైపు వంగి ఉంది. దగ్గి, దగ్గి, నీళ్ళు కక్కాడు.

అప్పుడు వినబడింది అసలు చప్పుడు.

మలుపు అవతల నుంచి కోన కోనంతా గొంతు చించుకున్నట్టు ఒక అరుపు. మౌలాలి తాతని భుజాన వేసుకుని, గోళ్ళు విరిగేలా రాళ్ళు పట్టుకుంటూ పైకి పాకాడు. గోడలో ఒక అరుగులాంటి చోటు దొరికింది. ఇద్దరూ దాని మీద పడ్డారో లేదో, కింద వాగు గోడలా లేచి వచ్చింది. వేళ్ళతో సహా పెరికిన చెట్టొకటి నిలువునా తిరుగుతూ పోయింది. దాని వెనక చచ్చిన గొర్రె పోయింది. మద్దిచెట్టు ఒకసారి ఊగి, కొమ్మ తర్వాత కొమ్మ నీళ్ళలో మాయమైంది.

పైన ఆకాశం అంతే నీలంగా ఉంది. ఒక్క చినుకు పడలేదు.

* * *

 మౌలాలి తన చొక్కా చించి తాత నుదుటికి కట్టాడు. పుల్లలు ఏరి, మిగతా గుడ్డతో విరిగిన చేతికి దన్ను కట్టాడు. కట్టేటప్పుడు తాత ఒక్కసారి మూలిగాడు. 

ముడి పడింది. అప్పుడు మౌలాలికి కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో గురువు ముందు ఎన్నడూ గొంతు పెంచనివాడు అరిచాడు.

"మీకు తెలీదా? పుట్టినప్పటి నుంచి ఈ కొండల్లో ఉన్నారు. నీళ్ళు ఎర్రబడితే పైన కొండల్లో వాన పడిందని మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు మదార్ షా.

"గువ్వలు లేచినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"దిగితే చస్తారని తెలీదా!"

"తెలుసు."

"మరి ఎందుకు దిగారు?"

మదార్ షా అతని వైపు చూశాడు. ఆ చూపులో తప్పు పట్టడం లేదు. జాలి కూడా లేదు. పొద్దున గడప దగ్గర చెప్పులు పెట్టినప్పుడు ఎలా చూశాడో అలాగే చూశాడు.

"మీరు రమ్మన్నారు."

  కింద నీళ్ళు హోరుమంటూనే ఉన్నాయి. చెవుల్లో ఆ హోరు తప్ప మౌలాలికి ఇంకేమీ మిగల్లేదు. తకియా వాకిట్లో కూర్చున్న ముఖాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. కొడుకుని ఏం చేయమంటావయ్యా అని అడిగినాయన. మళ్ళీ మొగుడి దగ్గరికి పోనా వద్దా అని అడిగిన పడుచు. పోమ్మా, అంతా మంచే జరుగుతుంది అన్నాడు తను. ఆ రోజు వక్క నములుతూ అన్నాడు. ఆమె పోయింది. మళ్ళీ తకియాకి రాలేదు. ఎందుకు రాలేదో అతను ఎన్నడూ కనుక్కోలేదు.

మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

చాలాసేపటికి తలెత్తి, "దప్పికగా ఉందా తాతా?" అన్నాడు.

"ఉంది."

నీళ్ళ సీసా మూటతో పాటే కొట్టుకుపోయింది. రాతిగోడ మీద ఒకచోట ఊట సన్నగా కారుతోంది. మౌలాలి దోసిలి పట్టి, నిండేదాకా నిలబడి, తెచ్చి తాగించాడు. మళ్ళీ పట్టి తెచ్చాడు. చాలు అని తాత అనేదాకా తెచ్చాడు.

* * *

పొద్దు వాలేసరికి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోయాయి. అరిచిన వాగు గొణగడంలోకి దిగింది. మలుపు అవతల జలపాతం పడుతూనే ఉంది. చూడాలని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఇద్దరూ మెల్లగా గట్టు మీదికి దిగారు. తకియాకి పోవాలంటే మళ్ళీ ఆ వాగే దాటాలి.

"ఇప్పుడు ఎటు పోదామంటారు?" అన్నాడు మదార్ షా.

మౌలాలి చేతులు జోడించాడు. "నన్ను అడగొద్దు తాతా. మీరే చెప్పండి. మీ వెనక నేను వస్తాను."

"తిరిగి ఇల్లు చేరేదాకా అనుకున్నాం కదండీ," అన్నాడు తాత. విరిగిన చేతిని మంచి చేత్తో పట్టుకుని, శిష్యుడిలా ఓ అడుగు వెనక నిలబడ్డాడు.

మౌలాలి వాగు వైపు తిరిగాడు. పాత రాళ్ళు కొన్ని పోయాయి, కొత్తవి ఎక్కడెక్కడివో వచ్చి కూర్చున్నాయి. ఒక కర్ర వెతుక్కుని నీళ్ళలోకి దిగాడు. ప్రతి రాయినీ పొడిచి చూశాడు. ఊగిన రాయిని వదిలేశాడు. ఊగని రాయి మీద నిలబడి, తన బరువంతా వేసి, మళ్ళీ చూశాడు. నీళ్ళు దోసిట్లోకి తీసుకుని రంగు చూశాడు. పైకి, కోన లోపలికి చూశాడు. గాలి ఎటు నుంచి వస్తోందో చూశాడు. గోడల్లోకి గువ్వలు తిరిగి వస్తున్నాయేమో చూశాడు. ఒకటి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. అయినా నమ్మకం చిక్కలేదు. అవతలి గట్టు ఎక్కాక మళ్ళీ వెనక్కి, సగం దాకా వచ్చి, ఒక రాయిని రెండోసారి పొడిచి చూశాడు.

నడుం లోతు చల్లదనంలో, మధ్య రాతిని కాళ్ళతో అదిమిపట్టి, తాత వైపు చేయి చాపి నిలబడ్డాడు.

గట్టు మీద మదార్ షా ఒక కాలు ముందుకు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. నీళ్ళ వైపు చూడటం లేదు. మౌలాలి నోటి వైపే చూస్తున్నాడు. ఆ మాట వస్తే దిగుతాడు. ఏ నీళ్ళయినా దిగుతాడు.

రండి అనబోయాడు మౌలాలి.

పెదవులు కదిలాయి.  మరోసారి కోన లోపలికి తల తిప్పి చూశాడు. నీళ్ళు చూశాడు. కాలి కింద రాయి చూశాడు. ముసలాయన పాదం చూశాడు. మళ్ళీ నోరు తెరిచాడు. రెండక్షరాల మాట, వచ్చినవాళ్ళందరితో రోజూ అనే మాట, ఎంతకీ బయటికి రాలేదు.

కోనలో వెలుతురు ఎర్రబడుతోంది.

"తొందరేం లేదు," అన్నాడు మదార్ షా.